ఒంటిచెయ్యి ప్యాచ్

నాకు క్రికెట్ తెలియదు. అప్పుడు తెలియదు, ఇప్పుడూ తెలియదు. అయినా కంప్యూటర్‌లో ఆడే క్రికెట్ ఆటకు ఏ ప్యాచ్ మీద ఏ ప్యాచ్ పెట్టాలో, ఏది ముందు తీస్తే ఏది చెడిపోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. టైపు నేను కోరి నేర్చుకున్న పని. కుట్టుమిషను మా అమ్మ పోరు పడలేక నేర్చుకున్నాను. ఈ ప్యాచ్‌ల పని మాత్రం ఎవరూ అడగకుండానే నెత్తిన పడింది.

మా ఆయనా నేనూ టైపు నేర్చుకున్నది ఒక్కచోటే, వనపర్తిలో, బజారు వెనక సందులో రేకుల మేడ మీద. మిషన్లన్నీ ఒక్కసారి మోగితే కింద కిరాణం కొట్టాయన పైకి చూసి తిట్టేవాడు. మాస్టారు స్కేలు పట్టుకొని మా వెనక తిరిగేవాడు. అక్షరాలు కనబడకుండా మా చేతుల మీద తువ్వాల కప్పేవాడు. అక్షరం తప్పు పడితే ఊరుకునేవాడు గానీ, ఒక వేలు కొట్టాల్సిన అక్షరాన్ని ఇంకో వేలు కొడితే తువ్వాల మీదనుంచే కణుపుల మీద ఒక్కటి పడేది. "అక్షరం తప్పయితే దిద్దుకుంటం. వేలు తప్పు మరిగితే ఇగ సచ్చేదాక ఆ వేలే పోతది," అనేవాడు. ఎడమచేతి అక్షరాలు ఎడమచేతివి, కుడిచేతివి కుడిచేతివి. మధ్యలో గోడ కట్టినట్టే ఉండేది. ఇద్దరం ఆ స్కేలు దెబ్బలు తిన్నవాళ్లమే. మా ఆయన అప్పట్లో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పక్క మిషను మీద నాకంటే ముందు ముగించి, నాకు వినబడేటట్టు కాయితం సర్రున లాగేవాడు. పెళ్లిచూపులకు అదే మనిషి వచ్చి కూర్చుంటే నాకు ముందు గుర్తొచ్చింది ఆ చప్పుడే.

పెళ్లయ్యాక నాగర్‌కర్నూల్ వచ్చాం. ఆయన కోర్టు గేటు ముందర టేబులు వేసుకొని దరఖాస్తులు, అఫిడవిట్లు కొట్టేవాడు. వకీలు చెప్పడం ఆపేలోపు కాయితం తయారుగా ఉంటుందని పేరు తెచ్చుకున్నాడు. కంప్యూటర్లు వచ్చాక బస్టాండు దగ్గర డీటీపీ షాపు పెట్టాం. పెళ్లికార్డులు నావి, కోర్టు కాయితాలు ఆయనవి. నేను కార్డులో పేర్లు ఎక్కడ పెట్టాలో తెలియక తల గోక్కుంటుంటే, "ఏందే, పెండ్లి నీదా వాళ్లదా?" అని ఏడిపించేవాడు.

ఒక ఎండాకాలం పొద్దున పళ్లు తోముకుంటుంటే ఆయన చేతిలోంచి బ్రష్షు జారింది. వంగి తీసుకోబోయి ఆయనా జారాడు. నలభై ఏళ్లు కూడా నిండలేదు. పాలమూరు దవాఖానలో పక్షవాతమన్నారు. మాట పోలేదు. కాలు ఈడ్చుకుంటూ నడిచేంత వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఇంటికొచ్చాక ఆ చేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకొని, ఎవరిదో వస్తువు తన దగ్గర మరిచిపోయి వెళ్లినట్టు చూస్తూ కూర్చునేవాడు.

ఇక నా సంగతి. పొద్దున లేచి నీళ్లు పట్టడం, వంట, ఆయన స్నానం, పక్క మార్చడం, మాత్రలు. గద్వాల నుంచి మా అత్త వచ్చి ఉండేది గానీ, ఆమెకూ మోకాళ్ల నొప్పులు. ఆ తర్వాత షాపు. షాపులో వాళ్ల వియ్యంకుడి పేరు చిన్న అక్షరాల్లో పడిందని ఒకాయన, దేవుడి బొమ్మ పక్కకు పోయిందని ఇంకొకాయన. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తినిపించి మళ్లీ షాపు. సాయంత్రానికి కాళ్లు పీక్కుపోయేవి. ఏడుద్దామన్నా ఓపిక ఉండేది కాదు. ఎవరైనా "ఎట్లుండు మీ ఆయన?" అని అడిగితే ఒళ్లు మండేది. అడగకపోతే ఇంకా మండేది.

ఆయన మాత్రం గోడ దిక్కు తిరిగి పడుకునేవాడు. చేతికి కసరత్తని దవాఖానలో ఇచ్చిన మెత్తటి బంతి మంచం కిందికి దొర్లిపోతే అక్కడే ఉండిపోయింది. నేను తీసి ఇస్తే మళ్లీ దొర్లించేవాడు.

ఏదో ఒకటి చూస్తూ ఉంటాడని షాపులోని పాత కంప్యూటర్ ఇంటికి తెచ్చి మంచం పక్కన పెట్టాను. పెళ్లికార్డు బొమ్మల కోసం తెచ్చుకున్న సీడీల్లో ఒకదాంట్లో ఒక క్రికెట్ ఆట కూడా ఉంది. అది పెట్టి ఇచ్చాను. ఆయనకు క్రికెట్ పిచ్చి. కానీ ఆ ఆటకు రెండు చేతులు కావాలి. మనిషిని జరిపే బాణం గుర్తుల మీటలు కుడిచేతి దిక్కు, బ్యాటు ఊపే మీటలు ఎడమచేతి దిక్కు. ఎడమచేత్తోనే అటూ ఇటూ ఉరికి, వచ్చిన ప్రతి బంతికీ అవుటై, చివరికి కీబోర్డు నేలకేసి కొట్టాడు. స్పేస్ మీట ఊడి అల్మారా కిందికి పోయింది. దాన్ని వెతికి తీసి పెట్టింది కూడా నేనే.

అప్పుడు షాపులో ఇంటర్నెట్ పెట్టుకొని వెతికాను. ఆ ఆటను తమకు ఇష్టమొచ్చినట్టు మార్చుకునేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారట. కొత్త జెర్సీలు, కొత్త ఆటగాళ్లు, కొత్త మైదానాలు తయారుచేసి ప్యాచ్‌లని పేరు పెట్టి ఊరికే పంచుతుంటారు. వాళ్లలో ఎవరో చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్నాయన, అన్ని మీటలూ ఎడమచేతి కిందికే వచ్చేటట్టు ఒక ప్యాచ్ చేసుకున్నాడు. ఆయన ఎవరో ఏ ఊరో తెలియదు గానీ, ఆ రోజు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఆ ప్యాచ్‌లను పెట్టడానికీ తీయడానికీ ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. బొమ్మలతో పనిచేసే మంచి ప్రోగ్రాంలు వేరే ఉన్నాయి గానీ మా పాత కంప్యూటర్ వాటిని మోయలేక ఆగిపోయేది. దీనికి కిటికీలు లేవు, బటన్లు లేవు, మౌసుతో పనిలేదు. నల్లటి తెర, దాని మీద మిణుకుమనే గీత. ఇన్‌స్టాల్ అని కొట్టి, పక్కన ప్యాచ్ పేరు కొట్టి, ఎంటర్ నొక్కితే పెడుతుంది. రిమూవ్ అంటే తీస్తుంది. ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా నాకు తెలియదు పొమ్మంటుంది. మంచం మీద దుప్పటి మీద దుప్పటి పరిచినట్టు, ఒక ప్యాచ్ మీద ఇంకోటి పరుస్తుంది. పైనున్నదే కనబడుతుంది. పైది తీస్తే కిందిది మళ్లీ బయటపడుతుంది. దుప్పట్లు మార్చీ మార్చీ చేతులు అరిగిపోయినదాన్ని, నాకు ఆ సంగతి వెంటనే అర్థమైంది.

ఆ ప్యాచ్‌కు ఇంగ్లీషు అక్షరాల్లో 'ఒంటిచెయ్యి' అని నేనే పేరు పెట్టాను. మంచం అంచున కూర్చొని, కొట్టేదాన్ని పైకి చదువుతూ కొట్టాను. ఆయన గోడ దిక్కునుంచి తల తిప్పి చూశాడు.

ఆ సాయంత్రం షాపునుంచి వచ్చేసరికి ఇంట్లో జనం కేకలు. భయపడి ఉరికొస్తే అది ఆటలో జనం. మా అత్త గడపలోనే ఎదురొచ్చి, "నవ్విండే బిడ్డా, ఫోరు కొట్టి నవ్విండు," అంది. ఆమె కళ్లలో నీళ్లు. నేను లోపలికి పోయి చెంబెడు నీళ్లు తాగాను. సంతోషమంటే అట్లా ఉంటుందని మరిచిపోయాను.

అప్పటినుంచి నా మీద కొత్త పని పడింది. "ఈ ఏడు జెర్సీలు మారినయట, జర చూడు." "గా పిలగాడు టీంల లేడు, కొత్త ప్యాచ్ దొర్కుతదా?" నేను షాపులో దించి, పెన్‌డ్రైవ్‌లో వేసుకొని, ఇంటికొచ్చి వంట మొదలుపెట్టక ముందే నల్ల తెర తెరవాలి. కొత్త ప్యాచ్ ఏది పెట్టినా అది మీటలను మళ్లీ పాత చోట్లకు పంపేది. అందుకని ప్రతిసారీ అన్నింటికంటే చివర ఒంటిచెయ్యి మళ్లీ పెట్టాలి. పెళ్లికార్డులో ఎవరి పేర్లు ఎన్ని మారినా చివర బంధుమిత్రుల అభినందనలతో అన్న ముక్క ఉండాల్సినట్టే. సగం పనిలో కరెంటు పోయేది. అది వచ్చాక చూస్తే ఆటగాళ్లు తలలు లేకుండా పరుగెత్తుతుండేవారు. మళ్లీ అన్నీ తీసి మొదటినుంచి పెట్టుకురావాలి. తల ప్రాణం తోకకొచ్చేది. "నీ ఆట పాడుగాను," అని తిట్టుకుంటూనే పెట్టేదాన్ని. ఆయన గోడ దిక్కు తిరగడం మానేశాడు, నాకు అది చాలు.

తర్వాతి సారి పాలమూరు పోయినప్పుడు, కసరత్తులు చేయించే డాక్టరమ్మ ఇంట్లో ఏం చేస్తుంటాడని అడిగింది. నేను గొప్పగా చెప్పాను. ఎడమచేత్తో ఆడేటట్టు ఎట్లా ఏర్పాటు చేశానో, ఏ ప్యాచ్ మీద ఏది పెట్టానో అంతా చెప్పాను. ఆమె విని, ఆయన కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే వంచి చూసింది.

"ఆడేటప్పుడు ఈ చెయ్యి ఎక్కడ ఉంటుందమ్మా?"

"ఒళ్ల పెట్టుకుంటడు."

"వేళ్లలో ఇంకా కదలిక ఉంది. దీన్ని వాడితేనే ఉంటుంది. ఇప్పుడు వాడకపోతే ఇక రాదు. మంచిచేతితో అన్నీ జరిగిపోతుంటే ఇది ఎందుకు పనిచేస్తుంది చెప్పు? బలవంతంగానైనా వాడించాలి."

ఆమె మెల్లగానే చెప్పింది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

తిరిగి వచ్చేటప్పుడు జడ్చర్లలో బస్సు ఆగింది. ఆయన్ను దించి చాయ తాగించాను. ఆయన ఎడమచేత్తో గ్లాసు పట్టుకొని, "ఆమెకేం ఎరుక," అన్నాడు. "ఇది సచ్చిపోయిన చెయ్యి. నన్ను పరేషాన్ చెయ్యకు."

ఇంటికొచ్చి మా అత్తకు చెప్పాను. ఆ ప్యాచ్ తీసేస్తానన్నాను. ఆమె భయపడిపోయింది. "తియ్యకు బిడ్డా. మల్ల గోడ దిక్కు తిరుగుతడు. చెయ్యి పోతే పాయె, మనిషన్న దక్కనియ్యి," అంది. ఆమె కన్నతల్లి, ఆమెనేం అనగలను. కానీ షాపులో కూర్చొని పెళ్లికార్డులు దిద్దుతుంటే నా కళ్ల ముందర ఆ వేళ్లే కనబడేవి. నాకంటే ముందు ముగించి కాయితం సర్రున లాగిన చెయ్యి అది. ఆ చెయ్యి లేకపోతే ఆయన మళ్లీ కీబోర్డు ముందర కూర్చోడు. కూర్చోకపోతే ఆయన ఏమవుతాడో, నేను ఎన్నేళ్లు ఇట్లా ఉరుకుతానో తెలియదు. తీస్తే ఆట పోతుంది, నవ్వు పోతుంది. తీయకపోతే చెయ్యి పోతుంది. నా బతుకు ఈ నల్ల తెర మీద ఒక్క వాక్యం దగ్గరికి వచ్చి నిలబడింది.

ఒక పొద్దున షాపుకు పోయే ముందర, ఆయన చూస్తుండగానే రిమూవ్ అని కొట్టి, ఎంటర్ నొక్కాను.

"ఏం జేసినవ్?"

"తీసేసిన. రెండు చేతులు పెట్టి ఆడు. లేకుంటే ఆడకు."

"పెట్టు."

"పెట్ట."

"పెట్టమంటున్ననా లేదా? నీకు నా మీద కసి ఉంటే వేరే తీరుగ తీర్సుకో."

"కసే. అవును, కసే. పొద్దంత నీకు, మాపంత నీకు జేసి జేసి నాకు కసి పుట్టింది. ఇంకేమన్న అంటవా?"

ఆయన గోడ దిక్కు తిరిగాడు. నేను చెప్పులేసుకొని బయటపడ్డాను. బస్టాండు దాకా కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే నడిచాను. ఎవరో ఎండ దెబ్బ తగిలిందేమోనని నీళ్లిచ్చారు.

మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. మర్నాడూ అంతే, అత్త బతిమాలితే రెండు ముద్దలు. కంప్యూటర్ మీద అత్త తువ్వాల కప్పింది. ఆమె నాతో మాట్లాడటం మానేసింది. ఇంట్లో ముగ్గురం ఉండి ఎవరి గిన్నె వాళ్లు కడుక్కున్నట్టు బతికాం. నేను ఓడిపోదామనే అనుకున్నాను. ఈ రోజు పోయి పెట్టేస్తాను, చెయ్యి పోతే పోయింది, నాకిక ఓపిక లేదు అనుకుంటూ ఒక మధ్యాహ్నం ఇంటికి నడిచాను.

వాకిట్లోకి రాగానే జనం కేకలు వినబడ్డాయి. లోపల ఆయన మంచం మీద కూర్చొని ఎడమచేత్తో ఆడుతున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో ఉంది. నా దిక్కు చూడలేదు.

"ఎవలు పెట్టిన్రు?" అని అత్తను అడిగాను.

"ఎవలొస్తరు? వాడే పెట్టుకుండు. పొద్దుగాలటి సంది టకటక అంటనే ఉండె. మధ్యల తిట్టుకుంటుండె."

నేను కొట్టేదాన్ని రోజూ చూసినవాడు, నేర్చుకోకుండా ఎట్లా ఉంటాడు. నా తంటా అంతా గంగపాలైందనుకున్నాను. కోపం కూడా రాలేదు. అన్నం పెడితే ఆ రోజు కడుపునిండా తిన్నాడు. తిని, మెల్లగా కాలు ఈడ్చుకుంటూ పెరట్లోకి పోయాడు. నేను ఆట మూసేసి కంప్యూటర్ ఆపుదామని కూర్చున్నాను. ఆట వెనక నల్ల తెర తెరిచే ఉంది.

దాని మీద పైనుంచి కిందిదాకా ఆయన కొట్టిన వాక్యాలే. ఒకటి కొట్టడం, అది తెలియదు పొమ్మనడం, మళ్లీ కొట్టడం. ముందు నాకు నవ్వొచ్చింది. ఇంత వేగమైన టైపిస్టు ఇన్ని తప్పులేంది అనుకున్నాను. రెండోసారి చదివేసరికి నవ్వు ఆగిపోయింది. తప్పులు అన్ని అక్షరాల్లో లేవు. ఇంగ్లీషులో కొట్టిన 'ఒంటిచెయ్యి'లో 'టీ', 'సీ', 'ఈ' ప్రతిసారీ శుభ్రంగా పడ్డాయి. అవి ఎడమచేతివి. 'ఓ' ఒకసారి కొట్టాల్సిన చోట నాలుగైదుసార్లు ఉంది. 'ఎన్' ఉండాల్సిన చోట పక్కనున్న 'ఎమ్' కూడా పడింది. 'వై' ఒక చోట అసలు పడలేదు, ఇంకోచోట వాక్యం చివరిదాకా అదే ఉంది, వేలు మీట మీద వాలిపోయి లేవనట్టు. తప్పులన్నీ కుడిచేతి అక్షరాలవే.

ఎడమచేత్తో ఒక్కొక్క మీట వెతుక్కుంటూ కొట్టి ఉంటే అట్లా పడవు. ఇంకెవరైనా అయితే ఎడమచేత్తోనే కొట్టేవాళ్లు, పని అయిపోయేది. ఆయన అట్లా కొట్టలేకపోయాడు. ఆటలో మీటల మీదికైతే ఏ చెయ్యైనా పోతుంది. అక్షరాల దగ్గరికి వచ్చేసరికి వనపర్తి మేడ మీది స్కేలు గుర్తొచ్చి ఉంటుంది, ఆయనకు కాదు, ఆ వేళ్లకు. కుడిచెయ్యి వద్దని, ఆ చేతికి పని తప్పించే ప్యాచ్ కోసం, పొద్దంతా కుడిచేత్తోనే కొట్టాడు.

నేను మంచం మీద కూలబడి ఏడ్చాను. చాలా రోజుల తర్వాత గట్టిగా, చప్పుడొచ్చేటట్టు ఏడ్చాను. అత్త మోకాళ్లు పట్టుకొని ఉరికొచ్చింది.

"ఏమైందే? ఏమన్న అన్నడా?"

"ఏం కాలేదత్త. ఆయన కుడిచేత్తోని టైపు కొట్టిండు."

ఆమెకు అర్థం కాలేదు. నా పక్కన కూర్చొని వీపు నిమిరింది. ఆయన లోపలికి వచ్చి, ఇద్దరినీ చూసి, "ఏందీ లొల్లి?" అన్నాడు. ఏం లేదన్నాను. నల్ల తెర మూసేశాను.

మర్నాడు పొద్దున షాపుకు పోయే ముందర మళ్లీ తీసేశాను. ఈసారి నేనేమీ చెప్పలేదు, ఆయనేమీ అడగలేదు. పళ్లు పటపటా కొరికాడు, అంతే. మధ్యాహ్నం వచ్చేసరికి ఒంటిచెయ్యి పెట్టే ఉంది. ఆ మర్నాడు తీశాను. మళ్లీ పెట్టుకున్నాడు. రోజూ నేను తీయడం, ఆయన పెట్టుకోవడం. సాయంత్రం ఆయన పడుకున్నాక తెర మీది వాక్యాలు చూసుకునేదాన్ని. 'ఓ'లు తగ్గాయి. 'ఇన్‌స్టాల్'లోని 'ఎల్' ముందు దారిలోకి వచ్చింది. 'వై' చాలా రోజులు ఏడిపించింది. మరీ తేలికైపోతోందనిపించినప్పుడు ప్యాచ్ పేరు మార్చి, పేర్ల పట్టీలో ఆయనకు కనబడేటట్టు 'మొండిమొగుడు' అని పెట్టాను. దాంట్లో కుడిచేతి అక్షరాలే ఎక్కువ. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ నన్ను ఎగాదిగా చూశాడు. నేను చారు పోసి ఊరుకున్నాను.

నేను ఎందుకు తీస్తున్నానో ఆయనకు తెలుసా, తెలియదా అని అడగలేదు. అడిగితే మానేస్తాడని భయం. మొండిమనిషి, తనకు మంచిదని తెలిస్తే చెయ్యడు. ఆ భయంతోనే రోజూ షాపు తాళం చెవి చేతిలో పట్టుకొని, దొంగలా ఆ ఒక్క వాక్యం కొట్టి బయటపడేదాన్ని.

ఆ చెయ్యి మునుపటంత రాలేదు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. చాన్నాళ్లకు షాపుకు వచ్చి ఒక అఫిడవిట్ తానే కొట్టాడు, నేను నాలుగు కార్డులు చేసేంతసేపు పట్టింది. వకీలు ఓపికగా నిలబడ్డాడు.

అంతకు ముందు, పెళ్లిళ్ల రోజుల్లో ఒక పొద్దున జరిగింది చెప్పాలి. షాపులో కార్డులు గుట్టపడి ఉన్నాయి, నాకు ఒళ్లు వెచ్చబడింది, అత్త గద్వాల పోయింది. అన్నం వండి మూతపెట్టి, మాత్రలు పక్కన పెట్టి, నీళ్లు నింపి, తూలుకుంటూ చెప్పులేసుకున్నాను. కంప్యూటర్ దిక్కు కూడా చూడలేదు. గేటు దాటుతుంటే లోపలనుంచి పిలిచాడు. మళ్లీ ఏం కావాలో దేవుడా అని విసుక్కుంటూ గడప దాకా వచ్చాను. ఆయన మంచం మీద కూర్చొని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో లేదు, కీబోర్డు మీద ఉంది.

"ఇయ్యాల తియ్యలేదేంది?" అన్నాడు.

నేను ద్వారబంధం పట్టుకొని ఆగాను.

"తీసి పో," అన్నాడు. "లేకుంటే మాపటి దాక నాకేం పనుంటది?"

చెప్పులు విప్పి లోపలికి వచ్చి, తీసేసి, షాపుకు పోయాను.